ఆటకు రెండు ధరలు



రాజీవ్ రహదారిపై పెద్దపల్లి దాటి రామగుండమునకు పోవు బాటసారికి దారిలో తగులు మా బసంత్‌నగర్, 1969లో వెలసిన కేశోరాం సిమెంటు కర్మాగారమును ఆశ్రయించి పెరిగిన ఊరు. ఒకప్పుడు వాయుదూత్ విమానములు దిగిన మైదానము ఊరి చెంతనే నిరుపయోగముగ పడియున్నది. ఇంకను ముందునకు సాగినచో 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. పొగగొట్టములు, వాని కావల గోదావరిఖని బొగ్గుబాయిలు. ఈ సీమలో పగలు రాత్రి యను విభాగము సూర్యుడు చేయునది కాదు. ఉదయము 7 గంటలకు మొదటి షిఫ్టు, మధ్యాహ్నము 3 గంటలకు రెండవది, రాత్రి 11 గంటలకు మూడవది. ఈ మూడు అంకెల నడుమనే నిద్రయు, భోజనమును, చుట్టపుచూపులును, పిల్లల చదువులును, వాని వెంబడి ఈ నడుమ ప్రతి యింట జొరబడిన వీడియో గేములును ఒదిగి యుండవలెను. ఆటకెంత ధనము తగును, ఎంత కాలము తగును అను ప్రశ్న అన్యత్ర కాలక్షేపపు చర్చగ తోచిన తోచవచ్చును గాని, మస్టరు పడినచో వేతనము, నాగా అయినచో కోత అను లెక్కతో బ్రదుకు ఈ ప్రాంతమున అది వంటింటి ఖర్చువలెనే నిత్యమును ఎదురగు ప్రశ్న.

2024వ సంవత్సరపు దసరాకు ముందు, ఆ బొగ్గుబాయిలను నడుపు సింగరేణి సంస్థ తన లాభములనుండి కార్మికులకు 796 కోట్ల రూపాయలు పంచిపెట్టెను. పర్మినెంటు కార్మికునకు సగటున ₹1,90,000 వచ్చినవి. ఆ యేటనే తొలిసారిగ కాంట్రాక్టు కార్మికులకును ఏదో యొకటి ఇయ్యవలెనను తలంపు కలిగి, తలకు ₹5,000 ఇచ్చిరి. ఇక, ప్లేస్టేషన్ 5 అను యంత్రము 2021 ఫిబ్రవరిలో మన దేశమున ప్రవేశించినపుడు దాని వెల ₹49,990; దానిపై ఆడదగిన పేరుమోసిన క్రొత్త ఆట, ఉదాహరణమునకు 2022లో వెలువడిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, ₹4,999. ఒకే షిఫ్టులో, ఒకే దుమ్ము పీల్చుచు, ఒకే గనికి పోవు ఇరువురిలో ఒకనికి ఆ యాట పండుగ వాటాలో ముప్పది యెనిమిదవ వంతు. రెండవవానికి పండుగ వాటా యావత్తును పోగా ఒక్క రూపాయి చిల్లర మిగులును. ఇట్టి యెడ ఆట పిరమా, అగ్గువా యని గాలిలో అడుగుట నిష్ప్రయోజనము. ఎవని కది యెన్ని మస్టర్ల సొమ్మో చెప్పిన పిమ్మటనే మాట ముందునకు సాగవలెను.

ధనము సంగతి ఇంతటితో చాలును. అది కనబడు ధర. కనబడని ధర వేరొకటి గలదు, నేను ప్రధానముగ చెప్పదలచినది దానిని గూర్చియే.

మా కాలనీలో ఓపెన్‌కాస్టు గనిలో పనిచేయు ఒక యువకుడు గలడు. ఆటలయందు ఆసక్తియు, లెక్కలయందు నేర్పును గలవాడు. ₹4,999 పోసి ఆట యేల కొంటివని నేను ప్రశ్నింపగా, అతడు తడుముకొనక చెప్పిన సమాధానమిది: "యాభై గంటల ఆట సార్ అది. లెక్క గట్టుండ్రి, గంటకు నూరు రూపాయలే పడ్డది. సినిమా కంటె అగ్గువనే కద!"

ఈ లెక్క అతని సొంతము కాదు. ప్రపంచమందలి ఆటగాండ్రు పలువురు ఈ విధముగనే గణించుకొందురు: వెలను గంటలతో భాగించి, వచ్చిన అంకె ఎంత చిన్నదైన ఆట అంత లాభసాటి యని తృప్తి చెందుదురు. వినుటకు సమంజసముగనే యున్నది. కాని శ్రోతలు ఒక్క క్షణము ఈ భాగహారమును పరికింపవలెను. ఇందు రూపాయలు చెల్లించిన పక్షమునను, గంటలు పుచ్చుకొన్న పక్షమునను ఉన్నవి. అంగడివాడు మనకు ఏబది గంటలు తూచి యిచ్చినట్లును, మనము వానిని సంచిలో వేసికొని ఇంటికి తెచ్చుకొన్నట్లును భావింపబడుచున్నది. వాస్తవమున ఆ యేబది గంటలు ఎవని యింటనుండి పోయినవి? అంగడివాని యింటనుండి కాదు. అవియు మనము చెల్లించినవే. మనము చెల్లించినది ₹4,999 మాత్రమే కాదు, ₹4,999 మఱియు 50 గంటలు. ఒక ధరను వేరొక ధరతో భాగించి, లబ్ధమును లాభమని పిలుచుటలో ఎంత వింత గలదో ఆలోచింపుడు.

ఈ గంటల విలువ తెలియుటకు ఇతరుల కేమో గాని, సింగరేణి కార్మికునకు తత్త్వశాస్త్రముతో నిమిత్తము లేదు. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున పనిచేయువానికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పరిమితి విధించి, ఏడవనాడు విశ్రాంతి నిచ్చినది. ఆ విశ్రాంతిదినమున, కార్మికులు ప్లేడే యని పిలుచుకొను ఆ దినమున, డ్యూటీ దొరికినచో రెట్టింపు వేతనము. కాబట్టి తన తీరికగంట వెల యెంతో అతనికి కంపెనీయే అంకెలలో చెప్పుచున్నది. ప్లేడే డ్యూటీకి పోక ఇంట కూర్చుండి రెండు గంటలు ఆడినవాడు, ఆ రెండు గంటలను రెట్టింపు వేతనపు రేటున తానే కొనుక్కొన్నవాడగుచున్నాడు. కొనుక్కొనరాదని నేననను. నిరంతరము అమ్ముకొనుటకే పుట్టలేదు గదా మనుష్యుడు! తన గంటను తానే కొనుక్కొని, దానితో ఏమియు చేయక వేపచెట్టు క్రింద పడుకొనినను అతని హక్కును ప్రశ్నించు అధికారము ఎవరికిని లేదు. అయినను అంత వెలపెట్టి కొన్న గంటను, ఆట పొడవుగ నుండవలెనని మాత్రమే అందులో కూర్చిన పనులకు, అనగా ఈ కొండనుండి ఆ కొండకు పరుగెత్తి పది మూలికలు ఏరి తెచ్చుటకును, ఒకే శత్రువును వేషములు మార్చి ముప్పదిమారులు చంపుటకును వెచ్చించుట ఆలోచింపవలసిన విషయము. గంటకింత యను లెక్కతో కొనువారు పెరిగినకొలదియు, ఆటలను తయారుచేయువారు ఇట్టి నీరుపోసి పెంచిన గంటలను మఱింతగ కలుపుదురు; అడిగినది గంటలైనపుడు వారు గంటలే ఇత్తురు.

వారమునకు నలుబదెనిమిది గంటల డ్యూటీ, ఏబదియాఱు గంటల నిద్ర తీసివేయగా మిగులునవి అఱువదినాలుగు. రాకపోకలు, లాంపురూము ముందు నిలుచుట, స్నానము, బియ్యము, బడి ఫీజు, బంధువులింట చావులు పెండ్లిండ్లు వీనిలోనుండియే పోవలెను. వారమునకు రెండు గంటలు నిశ్చింతగ ఆటకు దక్కినచో అదృష్టమే. ఆ రేటున ఏబది గంటల ఆటను మృగశిరకార్తెలో ఆరంభించినవాడు మార్గశిరమాసములో ముగించును. అప్పటికి కథ మొదటిలో నాయకుడు ఏల యేడ్చెనో మఱచిపోయి యుండును. 2007లో వచ్చిన పోర్టల్ అను ఆట యొకటి గలదు. తెలివిగలవాడు మూడు నాలుగు గంటలలో దానిని ముగించును. గోడకు ఒకచోట రంధ్రము వేసి వేరొకచోట వెలికివచ్చుట యను ఒక్క యూహను పట్టుకొని, దానిని మెల్లమెల్లగ విప్పుచు, బుద్ధికి పదును పెట్టి, చెప్పవలసినది చెప్పి, మర్యాదగ వీడ్కోలు పలుకు ఆట అది. గంటకింత యను తరాజున ఇది తేలిపోవును. రెండవ షిఫ్టు ముగించి వచ్చిన మనుష్యునకు మాత్రము, నా యెఱుకలో, ఇట్టి పొట్టి ఆటయే గొప్ప ఉపకారి.

ఇందులకు విరుద్ధమైన స్థితియు మా ప్రాంతముననే గలదు. ఉద్యోగపు నోటిఫికేషను కొఱకు ఎదురుచూచు యువకులు గ్రామగ్రామమున నున్నారు. వారికడ రూపాయలు లేవు, గంటలు మెండు. తమ కాలమును ఎవరును కొనుటలేదు గనుక దానికి వెల లేదని వారనుకొందురు. దానికి వెల గలదని మొట్టమొదట గుర్తించినది, దురదృష్టవశమున, ఉచితముగ లభించు ఆటల వ్యాపారులు.

ఆటల యజమానులు సొమ్ము రాబట్టిన విధానములు కాలక్రమమున మాఱుచు వచ్చినవి. 1978లో జపానునుండి స్పేస్ ఇన్వేడర్స్ బయలుదేరి లోకమును ముట్టడించిన కాలమున, పార్లరులో నాణెము వేసిన ఆట. ఆటగాడు చచ్చినకొలది నాణెములు. తరువాత క్యాసెట్టు గాని డిస్కు గాని ఒక్కమారు కొనిన, ఎంతసేపైన ఆడుకొనవచ్చును, తోటివానికి ఎరువీయవచ్చును, విసుగు పుట్టినపుడు సగము ధరకు అమ్ముకొనవచ్చును. మన రేడియోకును ఒకప్పుడు ఏటేటా తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కట్టవలసి యుండెడిది. కట్టినవాడు సంవత్సరమంతయు హరికథ విన్నను, క్రికెట్టు విన్నను అదే రుసుము, ఉత్కంఠ పెరిగిన యోవరుకు అదనపు రుసుమును వసూలు చేయుట మా ఆకాశవాణివారి కెన్నడును తోచలేదు. నేటి ఉచితపు ఆటకు సరిగ్గ ఈ తోచని యాలోచనయే పునాది. ద్వారమున టిక్కెట్టు లేదు. లోపల అడుగడుగున అంగడి. ఎదుటివాడు ధరించిన అంగీ, వాని తుపాకికి పూసిన రంగు, ఈ నెలాఖరుతో గడువు ముగియు పాసు, రేపును వచ్చి కనబడినగాని దక్కని బహుమానము, తెఱచినగాని ఏమున్నదో తెలియని పెట్టె. ఈ మూతపెట్టెను జూదముగ నెంచి బెల్జియము దేశము 2018లో నిషేధించినది. పైగా ఇచ్చట రూపాయలు చెల్లవు. ముందు రూపాయలతో వజ్రములో మఱియేవో నాణెములో కొని, వానితో సరకులు కొనవలెను. జాతరలో రంగులరాట్నమువాడు చీటీలను పదేసి చొప్పున అమ్మినట్లు, మనకు ఎనిమిది చాలినపుడు రెండు చేత మిగిలి, ఆ రెంటిని వృథాచేయుట మనసొప్పక మఱి పది కొనుట జరుగుచుండును.

అసలు చెల్లించువారు ఆడువారిలో కొలదిమందియే. మఱి తక్కిన జనమును కంపెనీ ఊరక యేల పోషించుచున్నది? ధనము పోసి కొన్న అంగీని చూచుటకును, దానిని తొడిగినవానిచే ఓడిపోవుటకును జనము కావలెను. మా పల్లెలోని నిరుద్యోగి ఎనిమిది గంటలు కూర్చుండి ఆడినపుడు, ఒక షిఫ్టు కాలము ఎక్కడనో యున్న ధనికుని ఆటకు జీతములేని బంటుగ నిలిచినట్లు. ఉచితమైన ఆటకు సున్న రూపాయలు వెల యనుట యథార్థమే. దాని రెండవ ధర మాత్రము నేనెఱిగిన ఆటలన్నిటిలోను పెద్దది.

పందెపు ఆటల మాట ఈ ప్రసంగములో కలిపి చెప్పుట నాకిష్టము లేదు, ఏలయన అచ్చట ఎంత తగును అను ప్రశ్నయే పుట్టదు. కౌటిల్యుడు జూదమును ఒక్కచోట చేర్చి, అధ్యక్షుని నియమించి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు రాజ్యమునకు రాబట్టెను. మన ప్రభుత్వము 2023 అక్టోబరునుండి నూటికి ఇరువదియెనిమిది పన్ను వేసి చూచినది. అంతకుముందే, 2017లో, తెలంగాణము ఆన్‌లైన్ రమ్మీని నిషేధించెను. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి, డబ్బు పణముగ నొడ్డు ఆటలను దేశమంతట నిషేధించి, వానిని నడుపువారికి మూడేండ్లదాకా చెఱ, కోటి రూపాయలదాకా జరిమానా విధించినది. పోటీ క్రీడగ ఆడు ఈ-స్పోర్ట్సును, వినోదపు ఆటలను ఆ చట్టము వేరుపఱచినది; ఆ వివేచన మెచ్చదగినది. ధర్మరాజు మొదటి జూదమున పోగొట్టుకొన్నదెల్ల ధృతరాష్ట్రుడు తిరిగి యిచ్చివేసెను. చేతికి సర్వమును వచ్చిన పిదప, పిలిచినంతనే మఱల పోయి కూర్చుండెను గదా, భారతకథలో నన్ను భయపెట్టునది ఆ రెండవ జూదమే. జీతముపడిన నాడే ఏ.టి.ఎం. కార్డును గిరిగిరి వడ్డీవాని చేత పెట్టవలసివచ్చిన కుటుంబముల కిది పురాణము కాదు.

ఇంతమాత్రమున ఆటలనన్నిటిని నేను దూషించుచున్నానని తలపవలదు. పెద్దవారు కొందఱు వీడియో గేము పేరు వినినంతనే మొగము చిట్లింతురు. వారే ఆదివారము ఉదయము కూర్చున్న చోటునుండి సాయంకాలమువఱకు లేవక చీట్లపేకలో మునిగినవారు. చదరంగమును తీసికొనుడు. ఓరుగల్లు సీమనుండి వచ్చిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరులో 2,800 రేటింగును దాటి లోకమును అబ్బురపఱచెను. తెరపై ఆడు ఆటకును పలకపై ఆడు ఆటకును నడుమ గోడ ఇప్పుడెంత పలుచనైనదనగా, 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్పులో చదరంగమును చేర్చిరి, అందు అర్జున్ నాలుగవ స్థానమున నిలిచెను. అయితే ఈ పేరు చెప్పి కుమారుని రాత్రింబవళ్ళు ఆడనిచ్చు తండ్రికి ఒక మాట: చదరంగమున ఓడినవాడు తానెచట తప్పెనో వెదకుకొని చదువును, తెల్లవాఱుదాక మఱల మఱల మీట నొక్కుట సాధన కాదు.

ఆట విలువకు గంటలకంటె, రూపాయలకంటె మంచి సాక్ష్యమొకటి నేనెఱుగుదును. మా వీధిలో ఒక యింట పెద్దకొడుకు ఉద్యోగరీత్యా అమెరికాలో నుండును, చిన్నవాడు గోదావరిఖనిలో నుండును. ఫోనులో మాటలాడుకొన్న, "తిన్నవా? అమ్మ మంచిగున్నదా?" అను రెండు మాటలతో సంభాషణ ముగియును. ఆదివారము ఉదయము, అచ్చట శనివారము రాత్రి, ఇరువురును ఒక పాత కారుపందెపు ఆటలో కలిసికొందురు. అడ్డదారిని పోయినావని తిట్టుకొనుచు, నవ్వుచు, ఆ నడుమ ఏదో యొక మలుపున అన్న తన వీసా బెంగ చెప్పును, తమ్ముడు ఇంటి యప్పు సంగతి చెప్పును. ఎదురెదుట కూర్చున్న నోరాడని మాటలు చేతులు పనిలో నున్నపుడు బయటపడును, వరినాట్లయందును ఇంతియే. ఆ ఆట వచ్చి ఎన్నియో యేండ్లయినది, డిస్కౌంటులో కొలది వందల రూపాయలకు కొనిరి. గంటకింత యని దానికి నేను వెల కట్టజాలను, వారును కట్టలేదు.

పాత ఆట యనగా జ్ఞప్తికి వచ్చినది. క్రొత్త ఆటను వెలువడిన నాడే కొనుటలో బింకము తప్ప వేఱు ప్రయోజనము కనబడదు. ఏడాది, ఏడాదిన్నర ఓపిక పట్టినచో అదే ఆట సగమునకు దిగును, అందలి లోపములును అప్పటికి సరిదిద్దబడి యుండును. మామిడికాయవలె కుళ్ళునది కాదు గనుక తొందర అమ్మువానిదే గాని కొనువానిది కాదు.

ఇక పిల్లల సంగతి. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నూటపదునెనిమిది యాపులను నిషేధించినపుడు పబ్జీ అందు కలదు. మా కాలనీ తల్లులు కొందఱు ఆనాడు దేవునికి కొబ్బరికాయ కొట్టిరి. మఱుసటి యేడే అది బీజీఎంఐ యను పేరున తిరిగివచ్చి, 2022లో మఱల మాయమై, 2023లో మూడవమారు వచ్చినపుడు, పదునెనిమిదేండ్లలోపువారికి దినమునకు మూడు గంటలు, పెద్దలకు ఆఱు గంటలు అను కట్టుబాటుతో వచ్చెను. చైనాదేశము 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారములయందును, ప్రభుత్వ సెలవుదినములయందును రాత్రి 8 నుండి 9 వఱకు ఒక్కొక్క గంట మాత్రమే యనుమతించినది. కట్టుబాట్లు మంచివే. కాని తండ్రి పేరున తెఱచిన ఖాతాలో ఆడు పండ్రెండేండ్ల బాలుడు ఆ కంపెనీ దృష్టిలో నలుబదియేండ్ల పెద్దమనిషి. ఆ పెద్దమనిషి మూడవ షిఫ్టులో బొగ్గు కోయుచున్నాడని దానికి తెలియదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆటవ్యసనమును రోగముల పట్టికలో చేర్చి, 2022 జనవరి 1 నుండి అమలుపఱచినపుడు గంటల పరిమితి యేదియు చెప్పలేదు. ఆటపై అదుపు తప్పినదా, తక్కిన పనులన్నియు దానివెనుకకు పోయినవా, హాని కనబడుచున్నను విడువజాలకున్నాడా, ఈ స్థితి సామాన్యముగ ఏడాదిపాటు సాగినదా యని మాత్రమే అడిగినది. ఈ ప్రశ్నలకు సమాధానము ఏ కంపెనీ యంత్రమునకును తెలియదు, ఇంటివారికి తెలియును. పిల్లవాడు ఆడుచున్న ఆట పేరు తెలియని తండ్రికి మాత్రము తెలియదు. కావున ఒక్కమారు ప్రక్కన కూర్చుండి, ఆ ఆటకు అంతము గలదా, నడుమ నిలుపదగిన చోటు గలదా, లోపల అంగడి గలదా చూడుడు. అంతమును, విశ్రామస్థానములును గల ఆటను పిల్లవానికి కొనియిచ్చుట, వానిని అంతములేని యుచితపు ఆటకు వదలివేయుటకంటె అగ్గువ.

ఈ విషయమై ఆలోచింప తీరికలేనివారు, డ్యూటీకి పోవు తొందరలో నున్నవారు, ఒక్కపని చేయుడు. మీ ఫోనులోని యూపీఐ పిన్ను నాలుగంకెలదైనను ఆఱంకెలదైనను మీ పిల్లలకు తెలిసియున్నచో, ఈ రాత్రియే దానిని మార్చుడు.